చూడనివ్వకపోవడం వేరు, చూడకపోవడం వేరు



నాగపూర్ దీక్షాభూమికి పోయి వచ్చిన వాళ్ళను మనం మొదట ఏమడుగుతామో ఒకసారి గుర్తు చేసుకోండి. "డ్రాగన్ ప్యాలెస్ చూశావా?" చూడలేదంటే ఊరుకోం. "అయ్యో, కామఠీ ఎంత దూరమని! అంత దూరం పోయి అది చూడకుండా వచ్చావా?" అంటాం. బుద్ధగయకు పోయినవాళ్ళను రాజగిరి గురించి అడుగుతాం. రాజగిరి చూసినవాళ్ళను నాలందా గురించి అడుగుతాం. సంతోషంగా రైలు దిగిన మనిషి మన పలకరింపు పూర్తయ్యేసరికి ఏదో పారేసుకున్నవాడిలా నిలబడతాడు.

ఈ భయం ప్రయాణంలోనే మొదలవుతుంది. సారనాథ్‌లో ధమేక స్తూపం ముందు నిలబడి "కుశినగరం చేరడానికి ఎన్ని గంటలు?" అని లెక్కలేస్తాం. లుంబినిలో అశోకుడి స్తంభం దగ్గర నిలబడి, వేరే జట్టువాళ్ళు శ్రావస్తిలో దిగిన ఫొటోలు ఫోనులో చూస్తాం. కాళ్ళు ఒక చోట, మనసు ఇంకో చోట. మన పిల్లలు దీన్ని ఫోమో అంటున్నారు. పేరు కొత్తది, జబ్బు పాతదే. బుద్ధుడు దీన్నే తణ్హ అన్నాడు. ఉన్నది చాలక, లేనిదాని వెంట పరుగెత్తించే దాహం అది.

అయితే "తృష్ణ మానుకోండి" అని మనవాళ్ళకు ఊరికే చెప్పేస్తే సరిపోదు. మన విషయంలో ఈ భయానికి ఒక చరిత్ర ఉంది.

1901లో బాబాసాహెబ్ చిన్నపిల్లవాడు. అన్నతో, మేనల్లుళ్ళతో కలిసి సతారా నుంచి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరకు బయలుదేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగాక వీళ్ళు మహార్లని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే, బండి మీరే తోలుకోండి, నేను నడిచి వస్తానని ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో తినడానికి అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు దొరకలేదు. 1934లో ఆయన ముప్పై మంది దాకా కార్యకర్తలతో వెరూల్ బౌద్ధ గుహలు చూడడానికి పోతూ దౌలతాబాద్ కోట దగ్గర ఆగాడు. దుమ్ముపట్టిన ముఖాలు అక్కడి తొట్టి నీళ్ళతో కడుక్కున్నందుకు పెద్ద గొడవ అయ్యింది. చివరికి లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదన్న షరతు పెట్టి, సాయుధుడైన సిపాయిని వెంట పంపి కోట చూడనిచ్చారు. అప్పటికే ఆయన విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టరు.

అందుకే మనవాళ్ళు సంచి సర్దుకుని, టికెట్టు చేతపట్టుకుని రైలెక్కడం చిన్న విషయం కాదు. తరతరాలుగా గడప బయట నిలబెట్టినవాడికి లోపల ఏమేముందో మొత్తం చూడాలని ఉండదా? ఉంటుంది. ఆ ఆకలిని నేను తప్పు పట్టను.

ఒకసారి నాగపూర్‌లో మా జట్టుతో వచ్చిన ఒక పెద్దమ్మకు కాళ్ళు వాచిపోయాయి. అందరూ డ్రాగన్ ప్యాలెస్‌కు పోతే ఆమె దీక్షాభూమిలోనే కూర్చుండిపోయింది. సాయంత్రం తిరిగొచ్చిన వాళ్ళు, "పాపం పెద్దమ్మా, నీకు దొరకకపాయె" అని జాలిపడ్డారు. ఆమె అన్నది: "మా ఊళ్ళె దొర గడి ముంగటి తొవ్వ మీద చెప్పులేసుకొని నడవనియ్యలె. అది దొరకకపోవుడంటె. ఇదేంది? నేను పోలె, గంతే. పోనియ్యకపోవుడు వేరు, పోకపోవుడు వేరు బిడ్డా."

ఆ మాటలో ఉన్న తేడాయే ఈ వ్యాసమంతా. ఎవరో అడ్డుపడి మనల్ని పోనివ్వకపోతే అది అన్యాయం. దానికి మందు పోరాటం. మనమే పోలేకపోతే, పోకపోతే, అది అన్యాయం కాదు, నష్టమూ కాదు. అక్కడ బాధ పెట్టేది మన తణ్హ. దానికి మందు ఎరుక.

బాబాసాహెబ్ 1927లో మహాడ్ చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. ఆ నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని కాదు, తాగితే అమరులమవుతామనీ కాదు, మేమూ అందరిలాంటి మనుషులమేనని చాటడానికేనని ఆయనే వివరించాడు. హక్కు గెలిచాక దేశంలో ఉన్న చెరువులన్నిట్లో నీళ్ళు తాగి లెక్క రాసుకోమని ఆయన ఎవరికీ చెప్పలేదు. దారి తెరవడం ఉద్యమం పని. ఆ దారిలో ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో స్వేచ్ఛ వచ్చిన మనిషి తేల్చుకుంటాడు. ఆగడానికి భయపడేవాడికి స్వేచ్ఛ ఇంకా సగమే వచ్చినట్టు.

ఇంకో మాట. క్షేత్రాల లెక్క, పుణ్యం లెక్క మనం 1956లోనే వదిలేసి వచ్చాం. ఒక చోటు చూస్తే ఇంత పుణ్యం, చూడకపోతే ఇంత లోటు అనే ఖాతా ధమ్మంలో లేదు. ఆ పాత ఖాతానే కొత్త పేర్లతో తెరవకూడదు కదా?

త్రిపిటకంలో రోహితస్సుడనే పూర్వకాలపు ఋషి కథ ఉంది. చాలా వేగంగా నడిచేవాడట. లోకం అంతు చూడాలని బయలుదేరాడు. తిండికి, నీళ్ళకు, నిద్రకు తప్ప ఎక్కడా ఆగకుండా నూరేళ్ళు నడిచి, అంతు చూడకుండానే దారిలో చనిపోయాడు. నడకతో ఆ అంతు దొరకదనీ, దాన్ని మనసున్న ఈ బారెడు దేహంలోనే వెతుక్కోవాలనీ బుద్ధుడు చెప్పాడు. ఇలా చెప్పినాయన ఇంట్లో కూర్చున్నవాడు కాదు, నలభై అయిదేళ్ళు కాలినడకన తిరిగినవాడు. అయినా ఏటా వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఆగేవాడు. చరిత్రకు తెలిసినంత వరకు ఆయన తిరిగింది గంగా మైదానంలోనే. ఆయన చూడని లోకమే ఎక్కువ. అయినా ఆయన ధమ్మం మన కృష్ణ ఒడ్డుకు వచ్చింది.

పోనీ, అన్నీ చూడడం కుదిరే పనేనా? అమరావతికి పోయినవాళ్ళు అమరావతి మొత్తం చూసినట్టేనా? ఆ స్తూపం శిల్పాలు చాలావరకు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ళ కింద ఉంది. మనం పడవెక్కి పోయి చూసేది పైకి తరలించి మళ్ళీ కట్టినవాటిని. మన ఇంటి పక్కనున్న బౌద్ధ క్షేత్రాలనే ఎవరూ పూర్తిగా చూడలేరు. పది రోజుల టూరులో ఏదీ మిగలకూడదంటే ఎట్లా?

"మాది కూలి బతుకు, మళ్ళీ రాగలమో లేదో. వచ్చినప్పుడే నాలుగూ చూడాలనుకోవడం తప్పా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చూడడం తప్పు కాదు, వీలైతే అన్నీ చూడండి. కానీ మళ్ళీ రాలేమేమో అన్నది నిజమైతే, ఇప్పుడు నిలబడ్డ చోటైనా నిండుగా నిలబడాలి కదా! మళ్ళీ రానివి ఈ చోటూ, ఈ గంటా కూడా. ఇంకా చూడనిదాని దిగులుతో చూస్తున్నదాన్ని పోగొట్టుకుంటే రెండూ పోయినట్టే.

అప్పు మాట కూడా చెప్పాలి. పక్కింటివాళ్ళు పోయారని చిట్టీ పాడి, వడ్డీకి తెచ్చి యాత్రకు పోతున్నవాళ్ళు మనలో ఉన్నారు. బుద్ధుడు అనాథపిండికుడికి చెప్పిన నాలుగు గృహస్థ సుఖాల్లో అప్పు లేకపోవడం ఒకటి. బిడ్డ ఫీజు ఆపి బుద్ధగయకు పోవాలని ధమ్మం అడగదు.

ఈసారి ప్రయాణానికి ముందు చోట్ల జాబితాతో పాటు ఒక ప్రశ్న కూడా రాసుకోండి. ఉదాహరణకు, "అశోకుడు ఇక్కడ స్తంభం ఎందుకు నిలబెట్టాడు?" అని. చేరిన చోట ఫోను తీయకముందు పది నిమిషాలు కూర్చోండి. "అక్కడికి పోలేదే" అన్న చిటుక్కుమనే బాధ లేచినప్పుడు దాన్ని తిట్టకండి, దాని వెంట పరుగెత్తకండి. లేచింది, ఉంది, పోయింది అని చూడండి. వేదన తృష్ణగా మారే చోటు అదే, పట్టుకోవాల్సిందీ అక్కడే. తిరిగొచ్చాక, పోలేకపోయినవాళ్ళను వాడలో ఒకచోట కూర్చోబెట్టి చూసింది చెప్పండి.

చూడని చోట్ల మీద పెట్టే దిగులులో కొంత, ఇంకా పోనివ్వని చోట్ల మీద పెట్టండి. శ్రావస్తి చూడలేదని బాధపడే మనలో ఎందరం, మన వాడకు శ్మశానానికి దారి ఉందో లేదో చూశాం?

చివరిగా, ఈ భయాన్ని ఒకరికొకరం అంటించుకుంటున్నది మనమే. కాబట్టి యాత్ర నుంచి వచ్చినవాళ్ళను "అది చూడలేదా?" అని అడగడం మానేద్దాం. మంచినీళ్ళిచ్చి, "ఏం చూశావో చెప్పు" అని అడిగి, పూర్తిగా విందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!