వలదనుటయు సేవయేనా?

దాహమన్నవానికి నీరొసగుట పుణ్యమని పెద్దలందురు. మూత్రపిండములు చెడి, సాధారణముగా వారమునకు మూడుమారులు, నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రము నాశ్రయించు రోగి యెడల ఈ ధర్మము తలక్రిందగుచున్నది. నీరు మితిమీరిన ఆయాసము. పొటాసియము హెచ్చిన గుండెకే ప్రమాదము. కావున నూజివీడు రసములను సైతము వైద్యు నడుగక పెట్టరాదు.

నూజివీటికి చేరువనున్న ఎ.కొండూరు తండాలలో ఈ వ్యాధి పెక్కిండ్లను క్రుంగదీసినది. అట్టి యింట వలదనువాడే ఆప్తుడా? కారణము చెప్పక వలదనుట అధికారమే కాని సేవ కాదు. కారణము తెలిపి, రోగి సమ్మతి గొని, అతని యెదుట తానును పండు మానువాడే ఆప్తుడు. ఫిస్టులా గల చేతికి రక్తపోటు పట్టీ చుట్టరాదని నేర్చుటతో ఉపచర్య ముగియదు. ఆ చేయి గలవాని మాట వినుటయు నందు భాగమే.