ఫోటో కూడా అమానతే!

ఒకరు మన దగ్గర దాచుకున్న సొమ్మును సొంతానికి వాడుకోవడం ద్రోహమని అందరికీ తెలుసు. మరి ఒకరి ముఖం మన సెల్‌ఫోన్‌లో ఉంటే, అది ఎవరి సొత్తు?

ఒక రంజాన్ మాసంలో మా మసీదు తరఫున పేద కుటుంబాలకు రేషన్ కిట్లు పంచాము. చందా ఇచ్చినవారికి లెక్క చూపాలన్న ఉద్దేశంతో నేనే ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. మరుసటి నెల పంపకానికి ఒక వితంతు సోదరి రాలేదు. కిట్టు తీసుకొని ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆమె అన్నది: “మౌల్వీ సాబ్! సరుకులు ఎప్పుడో అయిపోయాయి. నా ఫోటో మాత్రం అక్కడే ఉంది. బడిలో పిల్లలు మావాణ్ణి దానితోనే ఏడిపిస్తున్నారు.”

నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చి ఆ ఫోటోను మళ్ళీ చూశాను. ఆమె చేతిలోని రేషన్ కార్డు నంబరు స్పష్టంగా చదవవచ్చు. పక్కన బల్ల మీద లబ్ధిదారుల జాబితా, ఫోన్ నంబర్లతో సహా! నేను చూపాలనుకున్నది లెక్క. చూపించింది ఇరవై ఇళ్ళ గుట్టు.

ఫోటో తీస్తుంటే ఆమె వద్దనలేదు కదా అని కొందరు అడగవచ్చు. సరుకుల కోసం వరుసలో నిలబడిన మనిషి ‘వద్దు’ అనగలదా? ఆ మౌనాన్ని అనుమతిగా లెక్కించడం న్యాయమేనా?

అనుమతి లేకుండా పరుల ఇళ్ళలో ప్రవేశించరాదని దివ్యఖుర్‌ఆన్ ‘నూర్’ సూరా మనకు నేర్పింది. కాళ్ళతో దాటకూడని గడపను కెమెరాతో దాటవచ్చా? మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు పేదరాలికి కూడా ఉంది.

లెక్క చూపవద్దని కాదు. సరుకుల మూటల ఫోటో పెట్టండి, కొనుగోలు బిల్లులు పెట్టండి, ఎన్ని కుటుంబాలకు అందాయో రాయండి. ముఖాలు, కార్డులు, ఇంటి నంబర్లు, పిల్లల బడి పేర్లు మాత్రం వద్దు. కంటికి కనిపించని వివరాలు కూడా ఉంటాయి. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన స్థలం ఫోటో ఫైలులోనే నమోదవుతుంది. దాన్ని వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే ఆ వివరం కూడా అవతలివారికి చేరుతుంది. కనుక లొకేషన్ ఆపి ఫోటో తీయండి.

నేను ఆ ఫోటోను తొలగించాను. ఆ సోదరిని క్షమాపణ అడిగాను, ఆమె మన్నించింది. కాని దాన్ని అప్పటికే ఎందరు తమ ఫోన్లలో దాచుకున్నారో నాకు తెలియదు. జాబితాలోని మిగతావారి ఇళ్ళకు ఇంకా వెళ్ళవలసి ఉంది. సాటి మనిషి హక్కును కాజేస్తే ఆ మనిషి దగ్గరే మన్నింపు పొందాలని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేను. ఆ పాఠం ఇప్పుడు నా కాళ్ళతో చదువుతున్నాను.

సోదర సోదరీమణులారా! ‘షేర్’ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ఫోటోలో ఉన్నది మీ తల్లే అయితే నొక్కుతారా?