రిలీవర్ వచ్చేదాకా

మా గాజువాక వైపు మనుషులు డ్యూటీ ఎక్కుతారు, డ్యూటీ దిగుతారు. సిటీ బస్సు డ్రైవరైనా, కోక్ ఓవెన్ల మీద బతుకు వెళ్ళదీసిన నాలాంటివాడైనా అదే మాట. ధర్మాన్ని ఎక్కినట్టు గానీ, దిగినట్టు గానీ ఎవరూ చెప్పుకోరు. గీతా ప్రవచనాలకు వెళ్ళినప్పుడల్లా నాకు అక్కడే పేచీ. వేదిక మీది పెద్దాయన స్వధర్మం గురించి గంటసేపు చక్కగా చెప్పి, ఆఖర్న కుర్రాళ్ళకు తేలిగ్గా ఉంటుందని ‘అంటే ఎవరి డ్యూటీ వాళ్ళు చేయడమే’ అని తేల్చేస్తారు. ముందు వరసలో తలలన్నీ ఊగుతాయి. నా తల ఊగదు. ఏ డ్యూటీ?

ఈ ఊళ్ళో ఆ మాట చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. మా తమ్ముడు పోర్టు దగ్గర కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో గుమస్తా. వాడి డ్యూటీ చేసేది కాదు, కట్టేది. ఓడ నుంచి సరుకు దిగుతుంది, బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తారు, విలువ తేలుస్తారు, డ్యూటీ కడతారు, సరుకు గేటు దాటుతుంది. ఇక ఆ సరుకుతో వాడికి సంబంధం లేదు. మా విశాఖ ఉక్కు ప్లాంటు నుంచి బయటికెళ్ళే సరుకు మీద ఎక్సైజ్ డ్యూటీ ఉండేది, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. స్థలం కొంటే స్టాంప్ డ్యూటీ. కేజీహెచ్ ఆసుపత్రిలో అర్ధరాత్రి కనిపించేది డ్యూటీ డాక్టరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అమ్మకు మాత్రం డ్యూటీ అంటే నేను ఇంట్లో లేని వేళ, అంతే. పెళ్ళి పిలుపుకు ఎవరొచ్చినా ‘మావోడు డ్యూటీలో ఉన్నాడమ్మా’ అనేది, కొడుకు కాశీయాత్రలో ఉన్నంత గొప్పగా.

ఇన్ని అర్థాలకూ ఇంగ్లీషులో వేరు ఒకటే: డ్యూ, అంటే బాకీ. దాని వెనక లాటిన్‌లో అప్పుపడటం అనే క్రియ ఉంది. పన్నూ బాకీయే, చేయవలసిన పనీ బాకీయే. మనవాళ్ళూ ఈ దారినే ఆలోచించారు. పుట్టుకతోనే మూడు ఋణాలు మెడకు పడతాయంటుంది తైత్తిరీయ సంహిత: ఋషులకు, దేవతలకు, పితరులకు. సంహిత ఆ మాట బ్రాహ్మణుడి గురించే చెప్పింది లెండి. భారతం నాటికి అది మనుషులందరిదీ అయింది. ఆదిపర్వంలో పాండురాజు నాలుగో ఋణాన్ని కూడా లెక్కలోకి తెస్తాడు, తోటి మనుషులకు పడ్డ బాకీ. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం తీర్చే పద్ధతి. ఋషుల ఋణం చదువుతో, దేవతలది యజ్ఞంతో తీరుతుంది. పితరులది బిడ్డల్ని కంటే తీరుతుంది. తండ్రి దగ్గర తీసుకున్నది బిడ్డకిస్తే తండ్రి బాకీ చెల్లినట్టే. ఒక ఓడ సరుకుకు కట్టాల్సిన డ్యూటీని వెనక వచ్చే ఓడవాడి చేతిలో పెడతానంటే కస్టమ్స్ వాళ్ళు ఊరుకుంటారా? పితృఋణంలో జరిగేది సరిగ్గా అదే.

నాకిది బ్యాటరీ మీద అర్థమైంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా బ్యాటరీలో 67 ఓవెన్లు వరసగా ఉంటాయి, ఒక్కోటి 7 మీటర్ల ఎత్తు. పైనుంచి బొగ్గు పోసి, గాలి తగలకుండా 16 గంటలకు పైగా కాలుస్తారు. అప్పుడు ఒక పక్కనుంచి పుషర్ నెడితే ఎర్రటి కోక్ గోడలా కదిలి రెండో పక్క పడుతుంది. దాన్ని నీళ్ళతో కాకుండా నైట్రోజన్‌తో చల్లారుస్తారు. ఓవెన్ గోడలు సిలికా ఇటుకలవి. ఒకసారి వేడెక్కాక చల్లారనివ్వకూడదు, చల్లారితే పగులుతాయి. అందుకే వెలిగించిన బ్యాటరీకి దసరా లేదు, ఎన్నికల సెలవు లేదు. మనుషులు మారుతుంటారు, వేడి ఉంటుంది. ఉదయం ఆరింటికి ఏ షిఫ్టు, రెండింటికి బీ, రాత్రి పదింటికి సీ. నీ రిలీవర్ రాకపోతే నువ్వు దిగడానికి లేదు. ఇంటి దగ్గర కూర చల్లారుతున్నా సరే, డబుల్ డ్యూటీ.

ఇప్పుడు లెక్క చూడండి. షిఫ్టు ఎనిమిది గంటలు, కోక్ కావడానికి పదహారు దాటాలి. బొగ్గు పోసినవాడి షిఫ్టులో ఆ కోక్ బయటపడదు. నేను పోసింది ఇంకెవడో నెడతాడు, నేను నెట్టేది ఇంకెవడో పోసింది. ఫలం మీద ఆశ వదులుకోమని మాకు వేరే ప్రవచనం అక్కర్లేదు, షిఫ్టుల కాగితమే వదిలిస్తుంది. మనిషి తేలిపోయేది చేతులు మారే ఆ పది నిమిషాల్లో. ఏ తలుపు దగ్గర గ్యాస్ కారుతోంది, ఏ ఓవెన్ ఆలస్యమైంది, ఏది నెట్టేటప్పుడు బిగుసుకుంది. లాగ్ బుక్కులో కొంత రాస్తాం, మిగతాది నోటితో చెప్పాలి. చెప్పకుండా దిగిపోయినా జీతంలో పైసా తగ్గదు. అయినా మెట్లెక్కి వస్తున్నవాడి ముఖం చూసి ఆగి చెబుతామే, ప్రవచనకారుడు ధర్మం అన్నది దాన్నయితే నేనూ తల ఊపుతాను. అది జీతమిచ్చేవాడికి పడ్డ బాకీ కాదు, వెనక వచ్చేవాడికి పడ్డది.

జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా రేవుపట్నం వాడే, బాల్టిక్ తీరంలోని కోనిగ్స్‌బర్గ్ మనిషి. ఇష్టాయిష్టాలతో పని లేకుండా కర్తవ్యమని చేసినదానికే నైతిక విలువ అని 1785లో రాశాడు. చేసేవాడి గుండెలోకి చూశాడాయన. చేయించుకునేవాడి వైపు చూసినట్టు నాకనిపించదు. ‘కర్తవ్యమంటే ఏమిటి’ అన్న ఉపన్యాసంలో వివేకానందుడు ధర్మవ్యాధుడి కథ చెప్పాడు. మిథిలలో మాంసం అమ్ముకునే ఆ మనిషి, సన్యాసి వచ్చినా కూర్చోమని చెప్పి, బేరాలు అయ్యాకే లేస్తాడు. నాకిష్టమైన కథ. కానీ ఆయనకు కొట్టు కట్టేసే వేళంటూ ఒకటుంది. ఆ వెసులుబాటు బ్యాటరీకి లేదు.

డ్యూటీ, డ్యూటీ అని ఇంతసేపు మాట్లాడాను గానీ, మా ప్లాంటు పుట్టింది హక్కు అన్న మాట మీద. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’. 1966లో అమృతరావు నిరాహారదీక్షతో రాష్ట్రమంతా రగిలింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, మరుసటి జనవరి 20న శంకుస్థాపన. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి వెలిగేసరికి 1990. ఆ పోయినవాళ్ళు బొగ్గు పోసిన షిఫ్టు. 2021 జనవరి 27న కేంద్రం పెట్టుబడులన్నీ ఉపసంహరించుకోవడానికి ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెంలో నిరసన టెంటు వేశారు. అక్కడ కూర్చున్నప్పుడు నాకు పక్కనున్న నాయకుడి మాటలకన్నా ఎప్పుడూ చూడని ఆ 1966 మనుషులే ఎక్కువ గుర్తొచ్చారు. మేం వాళ్ళ రిలీవర్లం. ఆ బాకీ వాళ్ళకు తిరిగి కట్టే దారి లేదు, ముందుకే కట్టాలి.

అయితే ఈ ముందుకు కట్టడమన్న మాట మహా సౌకర్యమైనది, దాన్ని అన్నిచోట్లా వాడనివ్వకూడదు. ప్లాంటు కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేశారు. నిర్వాసితులకు ఆర్ కార్డులిచ్చారు, ఇంటికో ఉద్యోగమన్న ఆశతో. ఆ కార్డు పెట్టెలో దాచుకుని వయసు దాటిపోయినవాళ్ళు మా వైపు నేటికీ ఉన్నారు. దేశానికి ఉక్కు వచ్చింది, రేపటి పిల్లలు బాగుపడతారు, మీ త్యాగం ఊరికే పోదు అని వాళ్ళకు వేదికల మీద చెబుతుంటారు. పితృఋణం లెక్క వాళ్ళ దగ్గర చెల్లదు. ఇది మా తమ్ముడి రకం బాకీ. ఇచ్చినవాడికి పేరుంది, ఇచ్చిన భూమికి సర్వే నంబరుంది, చేతిలో కార్డుంది. కట్టాల్సింది అతనికే. పోర్టులో అయితే డ్యూటీ గడువు దాటిన రోజు నుంచి వడ్డీ కూడా వేస్తారు.