తోలుపట్టాకు మైల ఉందా?

క్షౌరకత్తి వాడేవారికి సానరాయి కన్నా తోలుపట్టాతోనే ఎక్కువ పని. రాయి ఉక్కును అరగదీసి అంచు తెస్తుంది. పట్టా ఆ అంచును గడ్డం గీసుకునే ప్రతిసారీ సరిచేస్తుంది. కత్తి వెన్ను ముందుండేలా లాగాలి, చివర వెన్ను మీదే తిప్పాలి. లేకపోతే అంచు మొద్దుబారుతుంది, తోలూ తెగుతుంది. కొనేటప్పుడు చూడాల్సినవి కొద్దే: రెండున్నర, మూడు అంగుళాల వెడల్పు, అంతటా ఒకే మందం, గాట్లు లేని పైపొర, లాగితే సాగని బిగువు. కళ్లూ వేళ్లూ వీటిని తేల్చేస్తాయి. ఆ తోలు ఏ జీవిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది మాత్రం చేత్తో తడిమితే తెలియదు. నాణ్యమైన పట్టా అనే మాటలో ఆ సంగతి కూడా ఇమిడి ఉండాలన్నదే నా వాదన.

తోలు మైల అనే మాట మన ధర్మచర్చల్లో పాతది. తోలు బెల్టుతో గుడిలోకి రావద్దనే చోట్లు నేటికీ ఉన్నాయి. కానీ ఉపనయనంలో వటువుకు జింకచర్మం ఇచ్చేది అదే సంప్రదాయం. దేవుడి ఎదుట మోగే మృదంగానికి ఆవు, గేదె, మేక తోళ్లు మూడూ కావాలి. మృదంగాలు తయారుచేసే పనివాళ్ల గురించే కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం.కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. తోలుకు స్వతహాగా మైల ఉంటే మృదంగం గర్భగుడి ముందుకు రాకూడదు. వస్తోందంటే మైలను తోలుకు కాదు, దాన్ని పదునుచేసిన మనిషికి అంటగట్టారన్నమాట. తంగేడు చెక్కతో లందలో తోళ్లు నానబెట్టిన మాదిగల శ్రమను ఊరంతా వాడుకుంది, వాళ్లను మాత్రం ఊరికి దూరంగా ఉంచింది. రాజ్యాంగం 17వ అధికరణంతో నిషేధించింది ఈ అన్యాయాన్నే.

అహింసావాది ఆక్షేపణకు ఈ మైల వాదన కన్నా బలం ఉంది. ఒక ప్రాణి చర్మం మీద కత్తి నూరుకోవడం అవసరమా అని అతడు అడుగుతాడు. చాలా తోళ్లు మాంసం కోసం చంపిన పశువులవే, తోలు కోసమే చంపరు కదా అనే జవాబు నాకు చాలదు. తోలుకు వచ్చే డబ్బు కూడా ఆ వ్యాపారానికి ఆదాయమే. తనంతట చచ్చిన పశువు తోలైతే నిర్దోషమా? ఆ కళేబరాలు మోసే పనిని తరతరాలుగా ఎవరి నెత్తిన రుద్దారో గుర్తుంటే అలా అనలేం. జీవహింస వద్దనుకున్నవారికి నారబట్ట పట్టా ఉంది. పాత వేలాడే పట్టాల్లో తోలు పక్కనే బట్ట కూడా ఉండేది. బట్టతో సరిపెట్టుకునేవారి మాటలో వైరుధ్యం లేదు. తోలు కొని, చేసినవారిని తక్కువ చేసేవారి మాటలోనే ఉంది.

తోలే కావాలనుకుంటే దాన్ని ఎలా పదునుచేశారో అడగాలి. క్రోమియం లవణాలతో పని త్వరగా అవుతుంది. ఆ మురుగు సంగతి తమిళనాడులోని పాలారు నదీతీరం చెబుతుంది. అక్కడి తోళ్ల కర్మాగారాల కాలుష్యంపైనే 1996లో సుప్రీంకోర్టు, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలని తీర్పిచ్చింది. చెట్ల బెరడుతో చేసిన తోలు గట్టిగా, బిగువుగా ఉంటుంది కాబట్టి పట్టాకు బాగా నప్పుతుంది. దాని మురుగూ నీటికి మేలు చేయదు, కాకపోతే అందులో క్రోమియం ఉండదు. అమ్మేవాడు జంతువు పేరు, పదునుచేసిన పద్ధతి, చోటు చెప్పలేకపోతే, పైపొర ఎంత నిగనిగలాడినా ఆ పట్టాను నాణ్యమైనదని నేను ఒప్పుకోను.