ఎదురుగాలి

(మార్కు 6:45–52 చదువుడి)

గడచిన వేసవిలో ఒక దినమున మేము ఒంటరిగా సైకిలుమీద నాయుడుపేటనుండి వాకాడు మీదుగా తూపిలిపాలెం సముద్రతీరమునకు బయలుదేరితిమి. ఈ తీరము 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనిది. వేకువను గాలి నేలనుండి సముద్రమువైపు వీచును. అది మా వీపును నెట్టుచుండెను; మేమైతే అంతయు మా కాళ్ల బలమే అనుకొంటిమి. చేపలగంప కట్టుకొని ఎదురువచ్చుచున్న ఒక వృద్ధుని చూచి, ఎంత మెల్లగా తొక్కుచున్నాడని నవ్వుకొంటిమి.

వాకాడులో ఎండ తగ్గువరకు ఆగితిమి. పగటివేళ నేల కాగినపుడు గాలి మరలి సముద్రమునుండి వీచునుగదా! తిరిగి బయలుదేరగా సైకిలు కదలలేదు. సరుగుడుతోటలయొద్ద దిగి నిలిచియుండగా, చేపలమ్మి యింటికి మరలుచున్న ఆ వృద్ధుడే వచ్చి, “నా వెనకాలే రాండయ్యా, గాలి అంతగా తగలదు” అనెను. గాలిని తన రొమ్మున కాచుకొనుచు ముందు సాగెను. పోవునప్పుడు ఎదురుగాలి, వచ్చునప్పుడు ఎదురుగాలి. అదే ఆయన బ్రదుకు. మేము సిగ్గుపడితిమి.

శిష్యులు ఎదురుగాలిలో దోనె నడుపలేక అలయుట ప్రభువు గట్టునుండి చూచెను, చూచి వారియొద్దకు వచ్చెను. మేమో, చూచి నవ్వితిమి.

సహోదరులారా, మన వెనుక వీచు గాలి మనకు తెలియదు. పంట పండిన యేడు అది మన కష్టమే అందుము. అప్పులలో కుంగిన పొరుగువానిని సోమరి అందుము. ఈ వారము అట్టివాని యింటికి వెళ్లుదము. సలహా చెప్పుటకు కాదు, కొంతదూరము వాని ముందు నడచుటకు.