చూసి కూడా తినని మేక

మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చినప్పుడల్లా మా ఫ్లాట్ బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కతో పులి-మేక పటం గీస్తుంది. మూడు రూపాయి బిళ్ళలు పులులు, 15 చింతపిక్కలు మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ రావాలి. పక్కనున్న మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. మేకలకి దూకడం రాదు. అన్నీ కలిసి పులుల్ని కదలకుండా కట్టేయాలి.

మొన్న దసరా సెలవుల్లో మా ఏడేళ్ళ అమ్మాయివి మేకలు, నావి పులులు. వరసగా రెండాటలు ఓడిపోయి మొహం చిన్నబుచ్చుకుంది. మూడో ఆటలో తినాల్సిన మేకని వదిలేసి పులిని ఇంకో వైపు జరిపాను. అది పటం వంక కాసేపు చూసి, "నాన్నా, నువ్వు చూసి కూడా తినలేదు కదా?" అంది. "లేదమ్మా, చూడలేదు" అన్నాను. నా పులిని తీసి పాత చోట్లోనే పెట్టి, "ఇప్పుడు చూశావుగా. ఆడు" అంది. వెనకనుంచి అమ్మ కూడా, "ఆడితే ఆడు, లేకపోతే లే" అంది.

చిన్న అబద్ధమే. పిల్లల దగ్గర ఇలాంటివి రోజుకి పది ఆడతాం. మరి ఇదొక్కటే ఎందుకు గుచ్చుకుంది?

అదే పిల్ల మూడేళ్ళప్పుడు కర్టెన్ వెనక దాక్కునేది. కింద పాదాలు కనబడుతూనే ఉండేవి. "ఎక్కడుందబ్బా మా పాప?" అంటూ ఇల్లంతా వెతికేవాణ్ణి. అది అబద్ధం కాదు. ఆ వెతకడమే ఆట, అందులో ఇద్దరం ఉన్నాం. పులి-మేకలో నేను నటించిన నటనలో మాత్రం తను లేదు. పైగా సూటిగా అడిగింది కూడా. అడిగాక చెప్పింది అబద్ధమే.

కెనడాలో ఉండిన తాత్వికుడు బెర్నార్డ్ సూట్స్ 1978లో 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకం రాశాడు. ఆటంటే, అవసరం లేని అడ్డంకుల్ని కావాలని నెత్తినేసుకుని దాటడానికి ప్రయత్నించడం అని ఆయన వాదన సారాంశం. దాన్నిబట్టి ఆటని చెడగొట్టేవాళ్ళలో రకాలున్నారు. దొంగాట ఆడేవాడికి గెలవాలన్న తపన ఉంటుంది, నియమాలంటే లెక్కలేదు. ఇంకొకడు నియమాలన్నీ పాటిస్తాడు కానీ గెలవడానికి చూడడు. ఈ రెండోవాణ్ణి నేనే. నేను ఫోన్ చూస్తున్నప్పుడు చింతపిక్కని మెల్లగా జరిపే మా అమ్మాయి, ఒకరకంగా నాకంటే ఆటకి దగ్గరగా ఉంది.

అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా ఇంట్లో 'ఆడుతూ నేర్చుకోండి' తరహా డబ్బాలు నాలుగైదున్నాయి. గణితం, ఏకాగ్రత, తార్కిక ఆలోచన అని మూత మీద జాబితా ఉంటుంది. వాటితో ఆడినప్పుడల్లా పాచిక పడగానే "ఆరూ, అయిదూ ఎంత?" అని అడిగేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ డబ్బాలు బయటికి తీయడం మానేసింది. పిల్లలకి ఓపిక తక్కువ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే రెండుచోట్లా నా తప్పు ఒకటే. నేను ఆడటం లేదు. ఒకచోట దాని సంతోషాన్ని, ఇంకోచోట దాని చదువుని పటం బయట నిలబడి నడిపిస్తున్నాను.

పటం మీద గీసిన పాఠం ఎంతవరకు అందుతుందన్నది కూడా అనుమానమే. అమెరికాలో లిజ్జీ మెగీ అనే ఆవిడ 1904లో 'ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అనే ఆటకి పేటెంట్ తీసుకుంది. భూస్వాములు అద్దెలతో ఎలా బలుస్తారో, మిగతావాళ్ళు ఎలా చితికిపోతారో జనానికి అర్థమవ్వాలని ఆమె కోరిక. ఆ ఆటే చేతులు మారి మోనోపొలీ అయింది. 1935లో పార్కర్ బ్రదర్స్ ఆమె పేటెంట్‌ని 500 డాలర్లకి కొనేసింది. ఇవాళ మనం ఆ పటం ముందు కూర్చుని ఎదుటివాడు దివాలా తీస్తే చప్పట్లు కొడతాం. మన వైకుంఠపాళిలో పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. కానీ ఆటగాడు ఎంచుకునేది ఏమీ లేదు, అంతా పందెం పడటమే. పాపం చేయకుండానే పాము మింగుతుంది. చిన్నప్పుడు నేను అక్కడ నేర్చుకున్నది ధర్మం కాదు. పెద్ద పాము నోట్లో పడి కిందికొచ్చాక, నవ్వుతున్న బావ ముందు మళ్ళీ గవ్వలు చేతిలోకి తీసుకోవడం.

అంటే నేర్పు మూత మీది జాబితాలో లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర ఉంది. ఎదుటివాడు నిజంగా ఆడితేనే అది అందుతుంది.

అయితే ఏడేళ్ళ పిల్లని ప్రతిసారీ ఓడించాలా? అదీ న్యాయం కాదు. చదరంగంలో పెద్ద ఆటగాడు తన మంత్రిని ముందే తీసి పక్కన పెట్టి ఆడటం ఉంది. గో ఆటలో బలహీనుడికి ముందుగానే కొన్ని రాళ్ళిస్తారు. ఇవి ఇద్దరికీ తెలిసి ఒప్పుకున్న తేడాలు. చెప్పి ఇచ్చింది నియమం అవుతుంది, చెప్పకుండా ఇచ్చింది దయ అవుతుంది. దయగా దొరికిన గెలుపుని ఏం చేసుకోవాలో పిల్లలకి తెలీదు.

ఆ సాయంత్రమే చెప్పేశాను: "అప్పుడు చూశాను. అబద్ధం చెప్పాను. ఇకనుంచి నాకు రెండే పులులు, కానీ దొరికిన మేకనల్లా తింటాను." కొంచెం ఆలోచించి ఒప్పుకుంది. రెండు వారాల్లో నా పులుల్ని నాలుగుసార్లు కట్టేసింది.

పోయిన ఆదివారం తనే, "ఇంక మూడోది కూడా పెట్టుకో నాన్నా" అంది. పెట్టుకున్నాను. ఓడిపోయింది. చింతపిక్కలన్నీ చేత్తో చెదరగొట్టి లోపలికెళ్ళిపోయింది, భోజనాల దాకా మాట్లాడలేదు. నాకేం బాగా అనిపించలేదు. పప్పన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండా అడిగింది: "ఇంకో రెండు ఎత్తుల్లో కట్టేసేదాన్నే కదా?"

పటం గుర్తు తెచ్చుకుని చూశాను. నిజమే.

"అవును" అన్నాను. ఈసారి నమ్మింది.