లాయంలో కట్టిన గుర్రం: పుణ్యమా, భారమా?

కొంతకాలం క్రితం ఒక సోదరుడు నన్ను కలవడానికి వచ్చారు. గల్ఫ్‌లో 12 ఏళ్ళు కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో ఆయన హైదరాబాద్ శివారులో రెండెకరాల నేల తీసుకుని, అందులో అయిదు గుర్రాలను సాకుతున్నారు. పిల్లలకు, యువకులకు గుర్రపు స్వారీ నేర్పుతారు. అదే ఆయన జీవనోపాధి. కాసేపు కుశల ప్రశ్నలయ్యాక మనసులోని మాట బయటపెట్టారు.

"మౌలానా! మా అబ్బాజాన్‌కు నా పని నచ్చదు. ఆ డబ్బుతో ప్లాట్లు కొని ఉంటే ఈపాటికి పిల్లల పెళ్ళిళ్ళకు అక్కరకొచ్చేవి, నువ్వేమో గుర్రాలకు ఉలవలు పెట్టి మట్టిపాలు చేస్తున్నావు అంటారు. నా స్నేహితుడేమో గుర్రాన్ని పెంచడం సున్నత్ కదా, నీకు రోజంతా పుణ్యమే అంటాడు. నా సంగతి నిజంగా చెప్పాలంటే, ఫజ్ర్ నమాజు చేసుకుని లాయంలోకి వెళ్ళగానే అవి నన్ను చూసి సకిలిస్తాయి. ఆ క్షణం నాకు కలిగే సంతోషం కోసమే ఇదంతా చేస్తున్నానేమో అనిపిస్తుంది. ఇది ఇబాదతా? వ్యర్థమా? రేపు అల్లాహ్ దగ్గర దీనికి ఏమని సమాధానం చెప్పుకోను?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. ఒకరికి గుర్రమంటే ఇష్టం, మరొకరికి పావురాలు, ఇంకొకరికి తోట, నేటి కుర్రాళ్ళకు మోటారు సైకిల్. మనసుకు నచ్చిన వస్తువుతో గడిపే సమయం మన కర్మల పత్రంలో ఏ వైపున రాయబడుతుంది? ప్రతి విశ్వాసీ ఆలోచించుకోవలసిన విషయమిది.

అందాన్ని ఇచ్చినవాడు అల్లాహ్

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. సంతోషపడటమే తప్పు అని ఇస్లాం ఎన్నడూ చెప్పలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా ప్రారంభంలో అల్లాహ్ పశువుల వల్ల మనకు కలిగే లాభాలను పేర్కొంటాడు. వెచ్చదనం, ఆహారం, బరువుల మోత. వాటితోపాటే సాయంత్రం మందను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు, ఉదయం మేతకు తోలుకెళ్ళేటప్పుడు వాటిలో మీకొక అందం ఉంది అని కూడా గుర్తు చేస్తాడు. ఆ వెంటనే గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కోసమూ, శోభ కోసమూ సృష్టించినట్లు తెలుపుతాడు. కేవలం అవసరమే లెక్కలోకి వచ్చేదైతే, శోభ గురించిన ప్రస్తావన అక్కడ ఎందుకుంటుంది?

అయితే అదే ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో మనుషుల మనసులకు ఆకర్షణీయం చేయబడిన వస్తువుల జాబితాలో మేలుజాతి గుర్రాలను కూడా చేర్చింది. స్త్రీలు, సంతానం, వెండి బంగారాల రాశులు, వాటి సరసన గుర్రాలు! ఇదంతా ప్రాపంచిక జీవితపు సామగ్రి మాత్రమేననీ, ఉత్తమ నివాసం అల్లాహ్ దగ్గరే ఉందనీ హెచ్చరించింది. అంటే గుర్రం ఒకచోట అనుగ్రహం, మరొకచోట పరీక్ష. గుర్రం మాత్రం ఒకటే.

మహాప్రవక్త ముహమ్మద్ (స) గుర్రాలను ప్రేమించారు. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) ఒక గుర్రం నుదుటి జూలును తన వేలితో మెలితిప్పుతూ, ప్రళయదినం వరకు గుర్రాల నుదుటి జూలుకు మేలు ముడివేయబడి ఉందని చెప్పడం ఆయన కళ్ళారా చూశారు. ఈ జరీర్ (రజి)యే ఒకప్పుడు గుర్రంపై నిలకడగా కూర్చోలేకపోయేవారు. ఆ సంగతి విన్నవించుకుంటే దైవప్రవక్త (స) ఆయన ఛాతీపై చేత్తో చరిచి, ఆయన్ను స్థిరపరచమని, మార్గదర్శిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ తర్వాత తాను ఏనాడూ గుర్రంపై నుంచి పడలేదని ఆయనే చెప్పుకున్నారు. స్వారీ రాని వాణ్ణి చూసి నవ్వకుండా వెన్ను తట్టి దుఆ చేయడం ప్రవక్త (స) పద్ధతి. స్వారీ నేర్పే ప్రతి ఉస్తాదు దీన్ని గుర్తుంచుకోవాలి.

అల్లాహ్ స్మరణ లేని ప్రతి పనీ వ్యర్థ కాలక్షేపమేననీ, గుర్రానికి శిక్షణ ఇవ్వడం, విలువిద్య సాధన, భార్యతో సరసాలాడటం, ఈత నేర్చుకోవడం మాత్రం అందుకు మినహాయింపనీ సారాంశం గల హదీసును ఇమామ్ నసాయీ నమోదు చేశారు. కాబట్టి స్వారీ నేర్పడం ధర్మసమ్మతమైన పని. అందుకు రుసుము తీసుకోవడమూ ధర్మసమ్మతమే. ఆడపిల్లలు కూడా పర్దా నియమాలకు లోబడి, స్త్రీల దగ్గర నేర్చుకోవచ్చు. ఒంటెలనెక్కే స్త్రీలలో ఖురైష్ స్త్రీలు ఉత్తములని దైవప్రవక్త (స) మెచ్చుకున్నారు కదా!

ఒకే లాయం, మూడు ఫలితాలు

ఇంతవరకు విని ఆ సోదరుడు ఊపిరి పీల్చుకున్నారు. కాని అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. గుర్రం ఒకరికి పుణ్యఫలం, ఒకరికి తెర, ఒకరికి పాపభారం అని దైవప్రవక్త (స) వివరించారు. అల్లాహ్ మార్గం కోసం గుర్రాన్ని కట్టి ఉంచినవాడికి అది తిన్న గడ్డి, దాని అడుగుజాడలు, చివరికి దాని పేడ కూడా పుణ్యంగా రాయబడతాయి. ఏటి పక్కగా వెళ్తూ, యజమాని నీళ్ళు తాపాలని అనుకోకపోయినా, అది తనంతట తాను తాగితే ఆ నీళ్ళకు కూడా పుణ్యమే. రెండవవాడు ఇతరుల ముందు చేయి చాచకుండా స్వశక్తితో బతకడానికి గుర్రాన్ని ఉంచుకున్నాడు. దాని మెడలో, వీపుపై ఉన్న అల్లాహ్ హక్కును మరచిపోలేదు. వాడికది తెర. మూడవవాడు గొప్పలకు, ప్రదర్శనకు, ముస్లిములపై శత్రుత్వానికి దాన్ని కట్టుకున్నాడు. వాడికది భారం.

గమనించండి! ముగ్గురి గుర్రాలూ అదే గడ్డి తిన్నాయి, అవే నీళ్ళు తాగాయి. తేడా అంతా యజమాని సంకల్పంలో, అతను చెల్లించిన హక్కులో ఉంది. మరి గాడిదల సంగతేమిటని ఎవరో అడిగితే, అణువంత మేలుకూ అణువంత కీడుకూ ఫలితం చూసుకుంటారని చెప్పే జిల్‌జాల్ సూరా ఆయతులనే దైవప్రవక్త (స) సమాధానంగా వినిపించారు. అంటే ఈ నియమం గుర్రంతోనే ఆగదు. ఇంటి ముందు నిలబెట్టిన కారుకూ ఇదే వర్తిస్తుంది.

మన సోదరుని జీవనోపాధి ఆ రెండవ కోవకు చెందింది. ఇంట్లో హలాల్ అన్నం, ఎవరి ముందూ చాచని చేయి. ఇదేమైనా చిన్న విషయమా? అయితే ఆ తెర నిలవాలంటే షరతు ఒకటుంది. మెడలో, వీపుపై ఉన్న హక్కు!

వీపుపై ఉన్న హక్కు ఏమిటి?

ఉలమా దీన్ని రకరకాలుగా వివరించారు. సంతతి కోసం బయళ్ళలో మేపుకునే గుర్రాలపై జకాత్ ఉందన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లతో సహా ఎక్కువ మంది ఉలమా లేదన్నారు. వ్యాపారం కోసం కొని అమ్మే గుర్రాల విలువపై మాత్రం జకాత్ ఉంటుంది. స్వారీ నేర్పడానికి ఉంచుకున్నవి పనిముట్ల వంటివి. వాటిపై జకాత్ లేదు, ఆ పనిలో మిగిలిన సొమ్ము నిసాబ్‌కు చేరి ఏడాది గడిస్తే దానిపై ఉంటుంది. ఎక్కడానికి వాహనం లేనివాడికి ఎక్కించడం, జంతువుపై శక్తికి మించిన బరువు మోపకపోవడం కూడా ఆ హక్కులో భాగమేనని ఉలమా చెప్పారు.

ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్ళు మనిషి బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదంటారు. 400 కిలోల గుర్రంపై 80 కిలోలకు మించి ఎక్కించకూడదన్నమాట. 90 కిలోల మనిషి రెట్టింపు రుసుము ఇస్తానన్నా కాదనగలిగినప్పుడే హక్కు చెల్లినట్లు. ఎండాకాలంలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పాఠాలు ఫజ్ర్ తర్వాత మొదలై ఎండ ముదరకముందే ముగియాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి డెక్కలు చెక్కించాలి. పాఠం అయ్యాక గుర్రం మీదే కూర్చుని ఫోటోలు దిగుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉంటే వారించాలి. జంతువుల వీపులను ఉపన్యాస వేదికలుగా చేసుకోవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు అబూ దావూద్‌లో ఉంది.

కొత్తగా నేర్చుకునేవాడు భయంతో పగ్గాలు గట్టిగా లాగుతాడు. కళ్ళెం నోట్లో ఒత్తుకుని గుర్రం మెడ బిగిస్తుంది. చేయి వదులు చేస్తే అదీ మెత్తబడుతుంది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మొండికేసిన ఒంటెనెక్కి దాన్ని అటూ ఇటూ గుంజుతుంటే, మృదువుగా ఉండమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మృదుత్వం దేనిలో ఉంటే దానికి అది శోభనిస్తుందని బోధించారు. తన కింద ఉన్న మూగజీవితో మెత్తగా ఉండటం నేర్చుకున్న పిల్లవాడు రేపు ఇంట్లో భార్యాబిడ్డలతో, దుకాణంలో పనివాళ్ళతో కూడా అలాగే ఉంటాడని ఆశించవచ్చు. ఈ సంకల్పంతో నేర్పితే ఆ పాఠం దీన్‌లో భాగమవుతుంది.

పందెం, నమాజు

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకటి పందెం. గుర్రాలకు పరుగు పోటీలు పెట్టడం సున్నత్‌తో రుజువైన విషయమే. దైవప్రవక్త (స) మదీనాలో శిక్షణ పొందిన గుర్రాలకు దూరపు పోటీ, శిక్షణ లేనివాటికి దగ్గరి పోటీ పెట్టించారు. ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా అందులో పాల్గొన్నారు. బయటివారెవరైనా గెలిచినవాడికి బహుమతి ఇస్తే ధర్మసమ్మతమే. పోటీదారులిద్దరూ సొమ్ము ఒడ్డి, గెలిచినవాడు ఓడినవాడి సొమ్ము తీసుకుంటే అది జూదం. చూసేవాళ్ళు కాసే పందేలదీ అదే తీర్పు. 1996లో సుప్రీంకోర్టు గుర్రపు పందేలను నైపుణ్యంతో కూడిన ఆటగా పరిగణించింది. కాని దేశ చట్టం అనుమతించినంత మాత్రాన షరీఅత్‌లో జూదం హలాల్ అయిపోదు.

రెండవది నమాజు. సాద్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అ) వృత్తాంతం ఉంది. ఒక సాయంత్రం ఆయన ముందుకు మేలుజాతి గుర్రాలను తెచ్చారు. వాటిని తిలకిస్తుండగా అస్ర్ సమయం దాటిపోయిందని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. తర్వాత ఆయన వాటి కాళ్ళను, మెడలను 'మస్‌హ్' చేశారన్న మాటకు కొందరు వాటిని అల్లాహ్ కోసం జిబహ్ చేశారని అర్థం చెప్పారు. ప్రేమతో నిమిరారన్నది హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) నుంచి వచ్చిన వివరణ; ఇమామ్ తబరీ దానికే ప్రాధాన్యమిచ్చారు. ఏ అర్థం తీసుకున్నా మనకు అందే పాఠం ఒకటే. గుర్రాన్ని నిమిరే చేయి అల్లాహ్ ముందు కట్టుకునే చేయిగా కూడా ఉండాలి. ఆదివారం సాయంత్రం పాఠాలు అస్ర్, మగ్రిబ్‌లను మింగేస్తుంటే ఆ సంతోషంలో లోపముంది. ఆ పొలంలోనే జానిమాజ్ పరచి, శిష్యులతో కలిసి జమాత్‌గా నమాజు చేస్తే అదే సంతోషం బరకత్ అవుతుంది.

చివరి ప్రశ్న

ఇంతా విన్నాక ఆ సోదరుడు కాసేపు మౌనంగా ఉండి, అసలు మనసును తొలుస్తున్న విషయం చెప్పారు. తన గుర్రాలలో అన్నిటికన్నా పాతది ఒక ఆడగుర్రం. 22 ఏళ్ళు. పందేలలో పరుగెత్తి, పక్కకు తప్పించాక తన దగ్గరకు చేరింది. ఎందరో పిల్లలు దాని మీదే స్వారీ నేర్చుకున్నారు. ఇప్పుడు ముందరి కాలు కుంటుతోంది. పెళ్ళి బారాత్‌లకు గుర్రాలు పంపే ఒకాయన కొంటానని వచ్చాడు. అమ్మితే ఓ మంచి గుర్రానికి సగం సొమ్ము వస్తుంది. అబ్బాజాన్ అమ్మెయ్యమంటున్నారు.

లోపం దాచకుండా చెప్పి అమ్మితే ఆ అమ్మకం చెల్లుతుంది. కాని అది కుంటికాలితో, బ్యాండు మేళాల మధ్య, తారురోడ్డు మీద రాత్రంతా నిలబడవలసి వస్తుందని తెలిసి కూడా అమ్మితే, ఆ దౌర్జన్యంలో మనకు వాటా ఉండదా? ఒక అన్సారీ తోటలో ఒంటె ఒకటి దైవప్రవక్త (స)ను చూసి మూలిగి కన్నీరు కార్చిందని, ఆయన దాని చెవుల వెనుక నిమిరి ఊరడించి, యజమానిని పిలిపించారని అబూ దావూద్‌లో ఉంది. అల్లాహ్ నీ చేతికిచ్చిన ఈ జీవి విషయంలో ఆయనకు భయపడవా, నువ్వు దాన్ని పస్తులుంచి అలసిపోయేలా చేస్తున్నావని ఇది మొరపెట్టుకుంటోంది అని ఆయన (స) మందలించారు.

నేను ఆ సోదరునితో అన్నాను. "భాయీ! మీరు ఉదయం లాయంలో పొందే సంతోషం గుర్రం మీద ప్రేమా, లేక మీ సంతోషం మీద మీకున్న ప్రేమా? తేల్చేది ఈ ముసలి గుర్రమే. ఎక్కడానికి పనికొచ్చినన్నాళ్ళు దాని వీపు మీకు అన్నం పెట్టింది. పనికిరాని రోజున మీరు దానికి గడ్డి పెడితే, అప్పుడు మీ ప్రేమకు సాక్ష్యం దొరికినట్లు. అయితే భార్యాబిడ్డల, తల్లిదండ్రుల హక్కు దానికన్నా ముందుంది. తన పోషణలో ఉన్నవారిని నష్టపరచడమే మనిషికి చాలినంత పాపమని హదీసులో ఉంది. కాబట్టి కొత్త గుర్రం కొనడం మానుకోండి. నాలుగింటితోనే నడపండి. మీ అబ్బాజాన్ మాట కూడా ప్రేమతోనే వచ్చింది. లెక్క ఆయన ముందు పెట్టి, అదబ్‌తో నచ్చజెప్పండి."

కొన్ని నెలల తర్వాత ఆయన ఫోన్ చేశారు. ఆ గుర్రం ఆయన దగ్గరే ఉంది. దాని మీద ఎవరినీ ఎక్కించడం లేదు. కొత్తగా వచ్చే పిల్లలు మొదటి వారమంతా దానికి మాలీషు చేయడం, నీళ్ళు పెట్టడం, పగ్గం పట్టి మెల్లగా నడిపించడం నేర్చుకుంటారట. జీను ఎక్కడం ఆ తర్వాతే. అబ్బాజాన్ ఇంకా పూర్తిగా మెత్తబడలేదని కూడా చెప్పారు.

ఆదియాత్ సూరాలో అల్లాహ్ రొప్పుతూ పరుగెత్తే గుర్రాలపై ప్రమాణం చేసి, మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడని చెబుతాడు. గుప్పెడు దాణా పెట్టిన యజమాని కోసం గుర్రం దుమ్ము రేపుకుంటూ శత్రువుల మధ్యకు దూసుకెళ్తుంది. సర్వస్వం ఇచ్చిన ప్రభువు కోసం మనం ఫజ్ర్ వేళ పడక వదలలేకపోతున్నాం! గుర్రాలను ప్రేమించేవాళ్ళు ముందుగా ఈ పాఠం నేర్చుకోవాలి. ప్రతి అనుగ్రహం గురించి ఆ రోజున ప్రశ్నించడం జరుగుతుందని తకాసుర్ సూరా హెచ్చరిస్తోంది. మన సంతోషాలకు కూడా లెక్క ఉంది.

అల్లాహ్ మన చేతుల్లో ఉంచిన ప్రతి మూగజీవి హక్కును చెల్లించే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! మన సంతోషాలను రేపు మనపై భారం కాకుండా కాపాడుగాక! ఆమీన్.